పది మీటర్ల న్యాయం

రగ్బీ ఆటలో ఒక నిబంధన వున్నది. రెఫరీ ఈల వూది, తప్పు ఎవరిదో చెప్పిన తరువాత, ఆ జట్టులో ఎవడైనా ఎదురు మాట అన్నా, చేతులు విసిరి ఎగతాళిగా నవ్వినా రెఫరీ వాదనకు దిగడు. మాట్లాడకుండా పది మీటర్లు ముందుకు నడుస్తాడు. శిక్షగా ఇచ్చిన పెనాల్టీ స్థానం ఆ జట్టు గోలు గీతకు పది మీటర్లు దగ్గరవుతుంది. మరీ హద్దు మీరితే పసుపు కార్డు చూపుతాడు. అప్పుడు ఆ ఆటగాడు 10 నిమిషాలు బయట కూర్చోవాలి. అతని జట్టు ఒక మనిషి తక్కువగా ఆడాలి. అంతటితో ఆగనివాడికి ఎర్ర కార్డు వున్నది.

పార్లమెంటు గురించి రాయవలసిన ఢిల్లీ విలేఖరికి ఈ ఆటతో పనేమిటని పాఠకులు అడగవచ్చు. పని వున్నది. తీర్పు చెప్పేవాడికీ, ఆ తీర్పు నచ్చనివాడికీ మధ్య ఏమి జరగాలన్నది మైదానంలోనైనా, చట్టసభలోనైనా ఒకటే ప్రశ్న. ఎదురు మాటను అదుపు చేయకపోతే ఆట సాగదు. అదుపు పేరుతో ప్రశ్ననే నొక్కివేస్తే అది ఆట కాదు. ఈ రెండింటి నడుమ దారి వెతకడంలో రగ్బీ తక్కిన ఆటల కంటే ఎక్కువ శ్రద్ధ చూపింది. ఆ దారి మనకు ఏమి చెబుతుందో చూడడం వృథా శ్రమ కాదని నా నమ్మకం.

ఈ ఆట మనకు బొత్తిగా పరాయిది కూడా కాదు. ఇంగ్లండు, స్కాట్లండు జట్లు ఏటా పోటీపడే కలకత్తా కప్పు మన వెండి రూపాయలతో తయారైనదే. కలకత్తాలోని తెల్లవారి ఫుట్‌బాల్ క్లబ్బు 1870ల చివర మూతపడినప్పుడు, బ్యాంకులో మిగిలిన సొమ్మును వెండి రూపాయలుగా తీసుకుని, కరగించి ఆ కప్పు చేయించారు. మూత మీద ఏనుగు, పిడులుగా మూడు నాగుపాములు ఈనాటికీ దాని పుట్టిల్లు ఏదో చెబుతూనే వున్నవి. మన కాలానికి వస్తే, 2025 జూన్‌లో బొంబాయిలో జరిగిన తొలి రగ్బీ ప్రీమియర్ లీగులో ఆడిన ఆరు జట్లలో ఒకటి హైదరాబాదు పేరు పెట్టుకున్నదే.

ఆట స్వరూపం క్లుప్తంగా చెప్పుకోవలసి వున్నది. పూర్తి ఆటలో జట్టుకు 15 మంది. ఆడే సమయం 80 నిమిషాలు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేతపట్టి పరుగెత్తాలి. అందించేటప్పుడు మాత్రం ముందుకు విసరరాదు. బంతి పట్టినవాడిని ఎదుటివారు పడగొట్టవచ్చు. నూరు కిలోలకు పైబడిన మనుషులు ఒకరిపై ఒకరు కుప్పగా పడతారు. ఆ కుప్ప అడుగున బంతిని ఎవరు తొక్కిపట్టారో, ఎవరు పక్కనుంచి అడ్డంగా వచ్చారో రెప్పపాటులో తేల్చవలసినవాడు రెఫరీ. సహాయకులు వున్నా, మైదానం మధ్యలో ఈలతో నిలబడేవాడు ఒక్కడే. మన పల్లెలో చెడుగుడు ఆడిన ప్రతివాడికీ ఈ కష్టం తెలుసు. పట్టు దొరికిందా లేదా, గీత తాకాడా లేదా అన్న తగవులో గొంతు పెద్దదైనవాడిదే న్యాయంగా తేలిన సాయంత్రాలు ఎన్ని లేవు!

రగ్బీలో గొంతు పెద్దదైనవాడికి న్యాయం దొరకకుండా చేసిన ఏర్పాటే పది మీటర్ల నడక. పది మీటర్లు చూడడానికి చిన్న దూరమే. కాని గోలుకు 50 మీటర్ల దూరం నుంచి తన్నవలసిన పెనాల్టీ అనిశ్చితం. 40 మీటర్ల నుంచి తన్నేది మంచి ఆటగాడికి అందుబాటులో వుండేది. అది గురి తప్పకపోతే మూడు పాయింట్లు. అంటే ఒకడి నోటిదురుసుకు వెల మూడు పాయింట్లు కావచ్చు; ఆ వెల చెల్లించేది వాడొక్కడే కాదు, జట్టంతా. దీనికి మరో కోణం కూడా వున్నది. పెనాల్టీ సంపాదించిన జట్టువాడే ఆ తరువాత దురుసుగా ప్రవర్తిస్తే, రెఫరీ ఆ పెనాల్టీని తిప్పి ఎదుటి జట్టుకు ఇచ్చివేయగలడు. గెలిచినవాడి అహంకారానికీ, ఓడినవాడి ఆగ్రహానికీ ఒకే కొలమానం.

ఢిల్లీలో క్లబ్బు పోటీలకు రెఫరీగా పనిచేసే తెలుగు మిత్రుడొకరు వున్నారు. ఉద్యోగం కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో. సెలవు రోజులన్నీ మైదానంలో. మనిషి బక్కపలచన. అంతటి బలశాలుల మధ్య మీకు భయం వేయదా అని ఒకనాడు అడిగాను.

"భయం ఈల మోతలోనే తెలిసిపోతుందండీ. ఈల బలహీనంగా మోగిందంటే ముప్ఫైమందికీ అర్థమైపోతుంది, ఇతనికి తన తీర్పు మీద తనకే నమ్మకం లేదని. ఆ తరువాత ఎన్ని కార్డులు చూపినా లాభం లేదు" అన్నారు ఆయన.

వారి పద్ధతిని అడిగి తెలుసుకున్నాను. మొదటి పది నిమిషాలలోనే ఆటగాళ్ళకు హద్దు ఎక్కడున్నదో చూపాలట. ఆ పది నిమిషాలు వదిలివేసి అరవయ్యో నిమిషాన కఠినంగా మారితే అది శిక్ష కాదు, కక్ష అనిపిస్తుంది. చాలా తప్పులను జరగకముందే మాటతో ఆపవచ్చు. కుప్పలో చేయి పెట్టినవాడిని చేయి తీయమని ముందు అడగాలి. రెండవసారి గట్టిగా చెప్పాలి. మూడవసారి ఈల వూదాలి. అడగడం, చెప్పడం, శిక్షించడం అన్న ఈ మూడు మెట్లూ ఎక్కినవాడికి తనకు అన్యాయం జరిగిందని అనుకునే వీలు తక్కువ.

"మరి నోరు చేసుకున్నవాడి సంగతి?" అన్నాను.

"మూడు రకాల నోళ్ళు వుంటాయండీ. దెబ్బ తగిలి అరిచేవాడు ఒకడు. వాడిని పట్టించుకోకూడదు. ఎందుకు తప్పు ఇచ్చారో తెలియక అడిగేవాడు ఒకడు. వాడికి ఒక్క వాక్యంలో చెప్పాలి. పదిమందికీ వినబడేలా నన్ను తక్కువ చేయాలని అరిచేవాడు మూడోవాడు. పది మీటర్లు వాడికోసం. ఈ ముగ్గురినీ ఒకే గాటన కట్టేవాడు రెఫరీ కాడు, బంట్రోతు" అన్నారు.

ఒక మ్యాచీలో జరిగిన సంగతి కూడా చెప్పారు. పెనాల్టీ ఇవ్వగానే ఒక కుర్రవాడు మీద మీదకు వచ్చి, మీకు కళ్ళున్నవా అని అరిచాడట. ఈయన గడియారం ఆపి, రెండడుగులు వెనక్కు వేసి, ఆ జట్టు కెప్టెనును పిలిచారు. వెనక్కు అడుగు వేయడం పిరికితనం కాదు. మీదకు వచ్చినవాడికి తిరిగిపోయే చోటు ఇవ్వడం. కెప్టెను రాగానే, "అతని సందేహం మీరు అడగండి, చెబుతాను. అతని కోపానికి మాత్రం పది మీటర్లు" అని నడిచారు. పెనాల్టీ గోలు పడింది. మూడు పాయింట్లు పోయినవి. "తరువాత ఆ కుర్రవాడి నోరు మూయించింది నేను కాదండీ, వాడి జట్టే" అని నవ్వారు.

ఈ చివరి మాటలో రగ్బీ న్యాయం అంతా వున్నది. క్రమశిక్షణను కాపాడవలసిన భారం రెఫరీ భుజాల మీదనుంచి జట్టు భుజాల మీదకు మారుతుంది. అయితే దానికి ముందు జట్టుకు ఒక హక్కు ఇచ్చారు. కెప్టెను రెఫరీని అడగవచ్చు. ఎందుకు ఈ తీర్పు ఇచ్చారు, మా వాళ్ళు ఏమి సరిచేసుకోవాలి అని మర్యాదగా అడిగితే చెప్పడం రెఫరీ పని. ప్రశ్నకు ఒక తలుపు తెరిచి వున్నది గనుకనే కిటికీలో నుంచి రాళ్ళు వేసేవాడిని శిక్షించే అధికారం రెఫరీకి దక్కింది. పెద్ద మ్యాచీలలో రెఫరీ చొక్కాకు మైకు తగిలిస్తారు. ఆయన కెప్టెనుతో ఏమన్నాడో, వీడియో చూసే అధికారిని ఏమి అడిగాడో ఇంట్లో కూర్చున్నవాడికి కూడా వినబడుతుంది. తీర్పుతో పాటు కారణం కూడా బహిరంగమే.

ఇదంతా ఆంగ్లేయుల రక్తంలోనే వున్న సుగుణమని భ్రమపడనవసరం లేదు. తొలి రోజులలో రెఫరీయే లేడు. తగవు వస్తే ఇద్దరు కెప్టెన్లు తేల్చుకునేవారు. 1884లో ఇంగ్లండు, స్కాట్లండు మధ్య బ్లాక్‌హీత్‌లో జరిగిన మ్యాచీలో, మన రూపాయల కప్పు కోసమే, ఒక పెద్ద రభస జరిగింది. ఇంగ్లండుకు ఇచ్చిన ట్రై చెల్లదని స్కాట్లండు వాదించింది. తప్పు జరిగి వుంటే అది స్కాట్లండు ఆటగాడిదే గనుక, తప్పు చేసినవారే దానితో లాభపడరాదని ఇంగ్లండు వాదించింది. ఆట చాలాసేపు ఆగిపోయింది. మరుసటి ఏడు ఆ రెండు జట్ల మధ్య మ్యాచీయే జరగలేదు. 1886లో స్కాట్లండు, ఐర్లండు, వేల్సు కలిసి అంతర్జాతీయ బోర్డును స్థాపించుకున్నవి. ఇంగ్లండు అందులో చేరలేదు. చివరకు ఒక న్యాయాధిపతీ, ఫుట్‌బాల్ సంఘాధ్యక్షుడూ మధ్యవర్తులుగా కూర్చుని తగవు తీర్చిన తరువాతనే 1890లో ఇంగ్లండు దారికి వచ్చింది. ఈనాడు ప్రపంచ రగ్బీని ఏలుతున్న సంస్థకు మూలం, రెఫరీ తీర్పుకు ఎదురు చెప్పిన ఒక కలహం! మర్యాద పుట్టుకతో రాలేదు. కలహం వల్ల కలిగిన నష్టం చూసి కట్టుకున్న కట్ట అది.

కట్ట లేని చోట ఏమి జరుగుతుందో క్రికెట్టు అభిమానులకు వేరే చెప్పనక్కరలేదు. 1981 ఫిబ్రవరి 10న మెల్బోర్నులో, లిల్లీ బంతికి ఎల్‌బీడబ్ల్యూ ఇచ్చిన అంపైరు మీద ఆగ్రహించి మన కెప్టెను గవాస్కర్, తన సహచరుడు చేతన్ చౌహానును కూడా వెంటబెట్టుకుని మైదానం వదలబోయాడు. సరిహద్దు దగ్గర జట్టు మేనేజరు ఎదురై చౌహానును వెనక్కు పంపకపోతే ఆ టెస్టు అక్కడితో ముగిసేది. ఆగినందువల్ల దక్కిన ఫలమేమిటి? ఆ టెస్టు మనమే గెలిచాము. ఇక్కడ తలుపు లేదు. అడగవలసిన కెప్టెనే ఆగ్రహించిన ఆటగాడు.

1987 డిసెంబరులో ఫైసలాబాదులో మరో రకం చోద్యం జరిగింది. అంపైరు షకూర్ రాణా, ఇంగ్లండు కెప్టెను మైక్ గ్యాటింగ్ పిచ్ పక్కన నిలబడి ఒకరికొకరు వేళ్ళు చూపుకుంటూ తిట్టుకున్నారు. క్షమాపణ రాసి ఇస్తే గాని మైదానంలోకి రానని అంపైరు పట్టుబట్టాడు. మూడవ రోజు ఆట మొత్తం పోయింది. చివరకు చేతిరాతతో నాలుగు ముక్కలు రాసి ఇచ్చి గ్యాటింగ్ ఆట సాగించాడు. ఆ తరువాత ఇంగ్లండు బోర్డు తన ఆటగాళ్ళకు తలా వెయ్యి పౌండ్లు అదనంగా ముట్టజెప్పింది! తీర్పరి కూడా కోపానికి లొంగి తగవులో ఒక కక్షిదారు అయితే, ఆటగాడు నోరు అదుపులో పెట్టుకోకపోతే, పైనున్న సంస్థ రెండో వైపు నిలబడితే ఎవరి గౌరవమూ మిగలదు.

ఆ కలహానికి సుమారు ఏడాది ముందు, 1986 నవంబరులో, ఉపఖండమే దీనికి మందు కనిపెట్టింది. స్వదేశీ అంపైర్ల మీద నిందలు విని విసిగిన పాకిస్తాను, వెస్టిండీసుతో జరిగిన లాహోరు టెస్టుకు భారతదేశం నుంచి ఇద్దరు అంపైర్లను పిలిపించింది. వారిలో ఒకరు బొంబాయి వాస్తవ్యుడు పిలూ రిపోర్టరు; రెండవవారు మన హైదరాబాదుకు చెందిన వి.కె. రామస్వామి. పాకిస్తాను గడ్డపై పాకిస్తానుకు తీర్పు చెప్పడానికి భారతీయులను నమ్మారు! టెస్టుకు ఒక తటస్థ అంపైరు వుండాలన్న నియమం 1994లోనూ, ఇద్దరూ తటస్థులే కావాలన్నది 2002లోనూ వచ్చినవి. తీర్పును సమీక్షించమని ఆటగాడే కోరే పద్ధతిని 2008లో భారత్, శ్రీలంక టెస్టులలో మొదట పరీక్షించారు. ఎదురు మాటకు నిబంధనల లోపలే ఒక గది కట్టారన్నమాట. ఆ గది వున్నది గనుక బయట అరిచేవాడి మీద ఇప్పుడు ఎవరికీ జాలి లేదు.

నిబంధనను ఒక చోటినుంచి పెరికి మరో చోట నాటితే మాత్రం అది బతకకపోవచ్చు. రగ్బీని చూసి ఫుట్‌బాల్ వారు ఇంగ్లండులో 2000 నుంచి పది గజాల శిక్షను ప్రయత్నించి, 2005లో వదులుకున్నారు. ఫుట్‌బాల్‌లో గోలుకు మరీ దగ్గరైతే అడ్డుగోడగా నిలిచినవారి మీదుగా బంతిని దింపడం కష్టం. శిక్ష కాస్తా వరమైపోయే ప్రమాదం వున్నది. అదే ఫుట్‌బాల్‌లో, నోటిదురుసు చేసినవాడిని 10 నిమిషాలు బయట కూర్చోబెట్టే పద్ధతిని ఇంగ్లండు కింది స్థాయి లీగులలో పరీక్షించినప్పుడు, 31 లీగులలో మొత్తం మీద అటువంటి సంఘటనలు 38 శాతం తగ్గినవని తేలింది. 2019 నుంచి దానిని స్థిరపరిచారు. 2024 యూరోపియన్ పోటీలలో రెఫరీ దగ్గరకు కెప్టెను ఒక్కడే రావాలన్న నియమం కూడా పెట్టారు. శిక్ష చిన్నదైనా వెంటనే పడాలి, జట్టుకు నొప్పి తెలియాలి, అడిగే దారి ఒకటి వుండాలి. ఏ ఆటలోనైనా పనిచేసినది ఈ మూడింటి కలయికే.

రగ్బీలో సైతం కట్టకు పగుళ్ళు పడుతున్నవి. మైదానంలో మూసుకున్న నోరు ఇప్పుడు తెర మీద తెరుచుకుంటున్నది. 2021 జులైలో బ్రిటిష్ లయన్స్ జట్టు చేతిలో తొలి టెస్టు ఓడిన తరువాత, దక్షిణాఫ్రికా రగ్బీ డైరెక్టరు రాసీ ఎరాస్మస్ ఆస్ట్రేలియా రెఫరీ నిక్ బెర్రీ తీర్పులను ఒక్కొక్కటే ఎత్తి చూపుతూ 62 నిమిషాల వీడియో తయారుచేశాడు. అది లోకమంతా పాకింది. ఆయనను రెండు నెలలు ఆట వ్యవహారాలన్నింటికీ, 2022 సెప్టెంబరు ఆఖరు వరకు మ్యాచీ రోజు బాధ్యతలకూ దూరంగా వుంచారు. ఆడలేక మద్దెల ఓడన్నట్లు అని ఎవరైనా అంటే అది పూర్తి న్యాయం కాదు. ఆ తరువాతి రెండు టెస్టులూ దక్షిణాఫ్రికా గెలిచింది. ఆడగలిగిన వారు కూడా మద్దెలను తిట్టడానికి అలవాటుపడడమే ఇక్కడ విచారించవలసిన సంగతి.

2023 ప్రపంచ కప్పు ఫైనలుకు రెఫరీగా వ్యవహరించిన వేన్ బార్న్స్ ఆ మ్యాచీతోనే విరమించుకున్నాడు. వృత్తిరీత్యా న్యాయవాది, వందకు పైగా అంతర్జాతీయ మ్యాచీలు నడిపినవాడు. తన భార్యకూ పిల్లలకూ బెదిరింపులు వచ్చినవని ఆయనే బహిరంగంగా చెప్పాడు. అదే మ్యాచీకి వీడియో అధికారిగా కూర్చున్న టామ్ ఫోలీ, ఆ తరువాత కురిసిన దూషణ వర్షంతో అంతర్జాతీయ మ్యాచీల నుంచి తప్పుకున్నాడు. మైదానంలోని ముప్ఫైమందిని అదుపు చేయగల పది మీటర్లు, ముఖాలు కనబడని లక్షలమంది ముందు ఏమి చేయగలవు? అక్కడ కెప్టెను లేడు, జట్టు లేదు, నష్టపోయే మూడు పాయింట్లు లేవు. భారం మోసేవాడు లేనప్పుడు నోటికి హద్దు వుండదు.

ఇంతవరకు చదివి, నోరు మూసుకుని ఆడడమే ధర్మమని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు. రగ్బీ వినయానికి చీకటి కోణం కూడా వున్నది. రెఫరీని అయ్యా అని పిలవడం నేర్పిన ఆటే, దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష సాగిన దశాబ్దాలలో ఆటకూ రాజకీయాలకూ ముడిపెట్టవద్దని నీతులు చెప్పింది. ఆ దేశానికి వెళ్ళే న్యూజీలాండు జట్టులో 1928, 1949, 1960లలో మావోరీ జాతివారికి చోటు లేకపోయింది. ఏ రెఫరీ ఈల ఆ తప్పుకు మోగగలదు? అది మైదానం బయట జరిగిన తప్పు. దానికి ఎదురు చెప్పినవారు మైదానం బయటివారే. దక్షిణాఫ్రికా జట్టు న్యూజీలాండులో పర్యటించినప్పుడు, 1981 జులై 25న హామిల్టన్‌లో నిరసనకారులు మైదానంలోకి దిగి నిలబడగా ఆ మ్యాచీ రద్దయింది.

మనదేశం అంతకు ముందే అదే మాట మరో విధంగా చెప్పింది. 1974లో డేవిస్ కప్పు టెన్నిస్ ఫైనలుకు చేరిన భారత జట్టు, ప్రత్యర్థి దక్షిణాఫ్రికా అయినందువల్ల ఆ పోటీయే ఆడలేదు. కప్పు పోయింది; మాట నిలిచింది. అంపైరు మీద అరవలేదు. ఆటలో పాల్గొని ఆటను చెడగొట్టలేదు. వెల చెల్లించి ఎదురు చెప్పారు. నిబంధన కింద వచ్చిన తీర్పుపై అలకకూ, నిబంధనే అన్యాయమైనప్పుడు చేసే నిరసనకూ తేడా ఇక్కడ వున్నది. మొదటిదానికి పది మీటర్లు చాలు. రెండవదానిని పది మీటర్లతో కొలిచేవాడు న్యాయమూర్తి కాజాలడు.

ఇప్పుడు సంసద్ మార్గం వైపు నడుద్దాము. లోక్‌సభ నిబంధనలలో కూడా మెట్లు వున్నవి. 373వ నిబంధన కింద స్పీకరు ఒక సభ్యుడిని ఆ రోజుకు బయటకు పంపవచ్చు. 374 కింద పేరు ప్రకటిస్తే, సస్పెన్షను తీర్మానంపై సభ నిర్ణయిస్తుంది. 2001 డిసెంబరులో చేర్చిన 374-ఎ కింద, సభ మధ్యలోకి వచ్చి రభస చేసిన సభ్యుడి పేరును స్పీకరు ప్రకటిస్తే చాలు, అతను వరుసగా ఐదు సమావేశ దినాలకో, మిగిలిన సమావేశాలకో, ఏది తక్కువైతే దానికి సస్పెండయినట్లే. అప్పటి స్పీకరు మన కోనసీమ బిడ్డ జి.ఎం.సి. బాలయోగి. ఆ నిబంధన వేటు 2014 ఫిబ్రవరి 13న, తెలంగాణ బిల్లు నాడు కారం పొగల మధ్య, ఆంధ్ర ప్రాంత సభ్యులు పలువురి మీద పడిన సంగతి పాఠకులకు విదితమే.

రగ్బీ మైదానానికీ ఈ సభకూ గల తేడా 374వ నిబంధనలో స్పష్టంగా కనబడుతుంది. అక్కడ ఎవరిని బయటకు పంపాలో రెఫరీ ఒక్కడే నిర్ణయిస్తాడు. ఇక్కడ తీర్మానం పెట్టేది సాధారణంగా ప్రభుత్వ పక్షం. ఆమోదించేది ఆ పక్షపు మెజారిటీ. ఎదుటి జట్టువాడికి ఎర్ర కార్డు చూపాలా వద్దా అని మొదటి జట్టు చేతులెత్తి ఓటు వేసినట్లు! 1989 మార్చి 15న, ఇందిరాగాంధీ హత్యపై ఠక్కర్ కమిషన్ నివేదిక విషయమై రభస జరిగినప్పుడు 63 మంది ప్రతిపక్ష సభ్యులు ఒకే రోజు సస్పెండయ్యారు. అప్పుడు అధికారంలో వున్నది కాంగ్రెసు. 2023 డిసెంబరులో, సభలోకి ఆగంతకులు దూకిన ఘటనపై హోంమంత్రి ప్రకటన చేయాలని పట్టుబట్టిన ప్రతిపక్షంలో, లోక్‌సభలో 100 మంది, రాజ్యసభలో 46 మంది, మొత్తం 146 మంది బయటకు పోయారు. అప్పుడు అధికారంలో వున్నది భారతీయ జనతా పార్టీ. జట్ల పేర్లు మారినవి. చేతులెత్తే పద్ధతి మారలేదు.

ప్రతిపక్షాలు నిర్దోషులని నా అభిప్రాయం కాదు. విలేఖరుల గ్యాలరీలో నుంచి చూసినవాడిగా చెబుతున్నాను. కెప్టెను మాట్లాడుతుండగా పదిహేనుమందీ ఒకేసారి అరిచే జట్టుకు ఏ రెఫరీ సమాధానం చెప్పలేడు. ప్లకార్డు ప్రశ్న కాదు. స్పీకరు బల్ల ముందు కాగితాలు చింపి విసరడం వాదన కాదు. అయితే ఒక సంగతి మరువరాదు. 2014 నుంచి 2024 వరకు పది సంవత్సరాలు లోక్‌సభలో గుర్తింపు పొందిన ప్రతిపక్ష నాయకుడే లేడు. పదవ వంతు సభ్యులున్న పార్టీకే ఆ హోదా అన్న సంప్రదాయం అడ్డు వచ్చింది. 17వ లోక్‌సభ కాలమంతా ఉపసభాపతి కూడా లేడు. కెప్టెనును గుర్తించని మైదానంలో అందరూ అరుస్తారు. తలుపు మూసి, కిటికీ దగ్గర కాపలా పెంచితే ఇంటికి రక్షణ కలుగదు.

మైకు సంగతి కూడా చెప్పాలి. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో తెలంగాణ బిల్లు ఆమోదం పొందుతున్న వేళ ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. సాంకేతిక లోపమని అధికారులు వివరించారు. కారణం ఏదైనా, రాష్ట్రం రావాలని కోరినవారూ, వద్దని కోరినవారూ, ఆ క్షణాన తమ తలరాత ఎలా రాస్తున్నారో చూడలేకపోయారు, వినలేకపోయారు. ఒక రగ్బీ రెఫరీ పది మీటర్ల శిక్ష వేసేటప్పుడు చెప్పే కారణం ప్రపంచమంతా వింటుంది. కోట్లాది తెలుగువారి భవిష్యత్తు నిర్ణయించిన ఘడియకు ఆ పాటి వినికిడి దక్కకపోవడం రెండు రాష్ట్రాలవారూ కలిసి చింతించదగిన విషయం.

నీలం సంజీవరెడ్డి 1967లో స్పీకరుగా ఎన్నికైనప్పుడు 34 సంవత్సరాల కాంగ్రెసు సభ్యత్వాన్ని వదులుకున్నారు. ఈల పట్టేవాడు జట్టు చొక్కా విడవాలని ఆయనకు ఎవరూ చెప్పనవసరం లేకపోయింది. దానిని నిబంధనగా చేసే ధైర్యం మాత్రం తరువాత ఏ పక్షానికీ రాలేదు. సస్పెన్షను నిర్ణయాన్ని మెజారిటీ చేతిలోనుంచి తీసి, పార్టీని వదిలిన స్పీకరు చేతిలో పెట్టడం. ప్రతిపక్షం ఎంత చిన్నదైనా దాని నాయకుడిని గుర్తించి, అతని ప్రశ్నకు అదే రోజు సమాధానం ఇప్పించడం. శిక్షను చిన్నదిగా, వెంటనే, కారణం చెప్పి వేయడం. ఇవి అసాధ్యమైన సంస్కరణలు కావు. ఇవి వున్నచోట ఎదురు మాట ప్రశ్నగా మారుతుంది. ఇవి లేనిచోట ప్రశ్న కూడా ధిక్కారంగా కనబడుతుంది.

నోరు మంచిదైతే ఊరు మంచిదని మన పెద్దలు అన్నారు. తీర్పు చెప్పే నోటికి కూడా ఆ మాట వర్తిస్తుంది. ఆటగాడు నోరు అదుపులో పెట్టుకోవాలని కోరే ముందు, రెఫరీకి జట్టు వుండరాదు. ఆ ఒక్క షరతు తీరిన మైదానంలో పది మీటర్లు చాలు. తీరని సభలో 146 మందిని బయటకు పంపినా చాలదు.